‘మాత్రమే’ అన్న ఒక్క మాట

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం మత వైవిధ్యం, అందులో క్యాథలిక్కులకూ ఇవాంజెలికల్ క్రైస్తవులకూ కుదిరిన పొత్తు. ఈ పొత్తు రాజకీయ బలంగా నిలబడింది ప్రధానంగా అమెరికాలో. అందుకని ఎక్కువసేపు అక్కడే ఉంటాను. ముందు ఒక పిల్లవాడి చేతుల గురించి చెప్పాలి.

1859 మార్చి, బోస్టన్ నగరం. నార్త్ ఎండ్ అనే పేటలో ఎలియట్ స్కూలని ఒక ప్రభుత్వ బడి. అందులో థామస్ వాల్ అనే క్యాథలిక్ కుర్రాడు, పది పదకొండేళ్ళుంటాయి. ఆ బడిలో పిల్లలు పది ఆజ్ఞలు అప్పజెప్పాలి. అదీ ప్రొటెస్టెంట్ల పాఠంలో. కుర్రాడు చెప్పనన్నాడు. అక్కడి ఉపాధ్యాయుడు బెత్తం తీసుకుని అరచేతుల మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఒకటీ రెండూ దెబ్బలు కావు, దాదాపు అరగంట సేపు కొట్టాడు. చేతులు పగిలి రక్తం కారింది. విషయం కోర్టుకెక్కింది. ఉపాధ్యాయుడిది నేరం కాదని కోర్టు తేల్చింది. వందలమంది క్యాథలిక్ పిల్లలు ఆ బడి నుంచి బయటికొచ్చారు.

పది ఆజ్ఞల మీద గొడవేమిటి, బైబిలు ఇద్దరికీ ఒకటే కదా అంటారు మీరు. లెక్కలో తేడా ఉంది. క్యాథలిక్ లెక్కలో వేరే దేవుడు ఉండకూడదన్నదీ, విగ్రహం చేసుకోకూడదన్నదీ కలిపి ఒకటే ఆజ్ఞ. చివర్లో పొరుగువాడి భార్యను ఆశించకూడదన్నది తొమ్మిది, వాడి సొత్తును ఆశించకూడదన్నది పది. ప్రొటెస్టెంట్లలో ఎక్కువమందికి విగ్రహం మాట విడిగా రెండో ఆజ్ఞ. ఆశించకూడదన్నవి రెండూ కలిసి పదోది. లూథరన్లు ప్రొటెస్టెంట్లయినా క్యాథలిక్ లెక్కే పాటిస్తారు, అది వేరే తమాషా. ఇప్పుడు ఆ కుర్రాడి వైపు నుంచి చూడండి. గుడిలో మరియమాత స్వరూపం ముందు మోకరించే పిల్లవాణ్ణి తరగతిలో లేపి నిలబెట్టి ‘విగ్రహం చేసుకోకూడదు, అది రెండో ఆజ్ఞ’ అని చెప్పమంటే, మా అమ్మ చేసేది తప్పు అని చెప్పమన్నట్టే.

దీనికి 15 ఏళ్ళ ముందు, 1844లో, ఫిలడెల్ఫియాలో ఇదే గొడవ ఊళ్ళు తగలబెట్టింది. బళ్ళలో ప్రొటెస్టెంట్లు వాడే కింగ్ జేమ్స్ అనువాదం బైబిలు చదివించేవాళ్ళు. అక్కడి క్యాథలిక్ బిషప్పు కెన్రిక్ మా పిల్లల్ని మా డూవే బైబిలు చదువుకోనివ్వండి అని అడిగాడు. అడిగింది అంతే. బళ్ళలోంచి బైబిలే తీసేయమంటున్నారని పుకారు పుట్టింది. మే నెలలో సెయింట్ మైఖేల్, సెయింట్ అగస్టీన్ చర్చిలు కాలిపోయాయి. జులైలో మళ్ళీ రేగింది, వీధుల్లోకి ఫిరంగులొచ్చాయి. ఆ మంట మీదే కొన్నాళ్ళకు వలసొచ్చిన క్యాథలిక్కులకు వ్యతిరేకంగా ‘నో నథింగ్’ పార్టీ లేచింది. ఏమడిగినా ‘నాకేం తెలీదు’ అనాలన్నది సభ్యుల నియమం, పేరు అందుకే. (నవ్వులు)

ఇంత వైరం ఉన్నవాళ్ళు ఇవాళ ఒకే వేదిక మీద ఎలా కూర్చుంటున్నారన్నదే నా ప్రశ్న. ఇవాంజెలికల్ అన్న మాట ఒకసారి తేల్చుకుందాం. అదొక సంఘం పేరు కాదు. బాప్టిస్టుల్లో, ప్రెస్బిటేరియన్లలో, పెంతెకోస్తుల్లో, ఏ శాఖలోనైనా ఉండొచ్చు. బైబిలే అంతిమ ప్రమాణం, సిలువే కేంద్రం, ప్రతి మనిషీ స్వయంగా మారుమనసు పొందాలి, ఆ వార్త పదిమందికీ చెప్పాలి అనే పట్టుదల ఉన్నవాళ్ళు. క్యాథలిక్కులతో తేడా ఎంతో మన తెలుగు మాటల్లోనే తెలుస్తుంది. అదే రొట్టె, అదే ద్రాక్షారసం. ఒకరికి దివ్యబలిపూజ, దివ్యసత్ప్రసాదం. ఇంకొకరికి ప్రభువు బల్ల, ప్రభురాత్రి భోజనం. ఒకరు ఫాదర్ గారంటారు, ఇంకొకరు పాస్టరు గారంటారు. పేర్లు అడ్డం మార్చి అంటే రెండు వైపులా ముఖాలు చిట్లిస్తారు.

అమెరికాలో ఈ దూరం మొన్నమొన్నటి దాకా ఉంది. 1951లో అధ్యక్షుడు ట్రూమన్ వాటికన్‌కు రాయబారిగా జనరల్ మార్క్ క్లార్క్ పేరు ప్రతిపాదిస్తే ప్రొటెస్టెంట్ల నిరసన ఎంత గట్టిగా లేచిందంటే, కొద్ది నెలల్లోనే ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. 1960లో కెన్నెడీ హ్యూస్టన్ వెళ్ళి ప్రొటెస్టెంట్ పాస్టర్ల సంఘం ముందు నిలబడి, నేను క్యాథలిక్ అభ్యర్థిని కాను, డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిని, క్యాథలిక్కుని కూడా అయ్యాను, అంతే అని సంజాయిషీ చెప్పుకోవాల్సొచ్చింది. ఇక 1984కి రండి. రీగన్ వాటికన్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్నాడు. వ్యతిరేకించినవాళ్ళు లేకపోలేదు, కోర్టుకీ వెళ్ళారు. కాని రాయబారి వెళ్ళాడు, ఉన్నాడు. దేశం ఊగిపోలేదు.

ఈ మధ్యలో ఏం జరిగింది? ఒకటి, రోమ్ మారింది. క్యాథలిక్ బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 1964లో ఇచ్చిన పత్రంలో ప్రొటెస్టెంట్లను ‘వేరైన సోదరులు’ అంది. 1965 డిసెంబరులో మత స్వేచ్ఛ మీద ఇచ్చిన పత్రం ఇంకా పెద్ద మలుపు. విశ్వాసం విషయంలో ఏ మనిషినీ ఎవరూ, ప్రభుత్వమైనా సరే, బలవంతం చేయకూడదని చర్చి తన నోటితో చెప్పింది. దాని వెనక జెస్యూట్లనే క్యాథలిక్ గురువుల సభకు చెందిన అమెరికన్ జాన్ కోర్ట్‌నీ మర్రీ ఆలోచన ఉంది. అంతకు ముందు కొన్నేళ్ళపాటు అదే విషయం రాయొద్దని ఆయన నోరు నొక్కింది కూడా చర్చి పెద్దలే.

రెండోది పత్రికలు పెద్దగా పట్టించుకోనిది. 1967 ఫిబ్రవరిలో పిట్స్‌బర్గ్‌లోని డ్యూకేన్ విశ్వవిద్యాలయానికి చెందిన కొందరు క్యాథలిక్ విద్యార్థులు, అధ్యాపకులు ప్రార్థనకూటం పెట్టుకున్నారు. పెంతెకోస్తులు చెప్పే పరిశుద్ధాత్మ అనుభవం తమకు కలిగిందన్నారు. అక్కణ్ణుంచి అది పాకింది. 1977లో కాన్సస్ సిటీ స్టేడియంలో క్యాథలిక్కులు, పెంతెకోస్తులు, బాప్టిస్టులు, లూథరన్లు కలిసి దాదాపు 50,000 మంది చేతులెత్తి పాడారు. నాయకులు ఒప్పందాలు రాసుకోకముందే మామూలు జనం ఒకరి పాటలు ఒకరు నేర్చేసుకున్నారు. నన్నడిగితే ఈ కథలో అన్నిటికంటే నిజాయితీ అయిన ఘట్టం ఇదే. ఎవరికీ వ్యతిరేకంగా పుట్టినది కాదు.

మూడోదానికి మాత్రం ఒక ప్రత్యర్థి ఉన్నాడు. 1973 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు ‘రో వర్సెస్ వేడ్’ కేసు తీర్పుతో గర్భస్రావాన్ని హక్కు చేసింది. ఇవాంజెలికల్సంతా ఆ రోజే భగ్గుమన్నారని చాలామంది అనుకుంటారు. కాదు. మొదట గట్టిగా లేచినవాళ్ళు క్యాథలిక్ బిషప్పులు. బాప్టిస్టుల్లో అతిపెద్దదైన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ అయితే తీర్పుకు రెండేళ్ళ ముందే, 1971లో, కొన్ని పరిస్థితుల్లో గర్భస్రావాన్ని అనుమతించే చట్టాలు కావాలని తీర్మానం చేసింది. అత్యాచారం, పిండంలో తీవ్ర లోపం, తల్లి శారీరక మానసిక ఆరోగ్యం, ఇవన్నీ అందులో ఉన్నాయి. అది క్యాథలిక్కుల గొడవ, మనకెందుకు అన్న ధోరణి చాలామందిలో ఉండేది. 1980 నాటికి అదే సంఘం పూర్తిగా ఎదురు తిరిగింది. మధ్యలో 1979లో జెర్రీ ఫాల్వెల్ అనే బాప్టిస్ట్ పాస్టరు ‘మోరల్ మెజారిటీ’ పెట్టాడు. ఆ పేరు ఆయన చెవిన వేసింది పాల్ వైరిక్, ఒక క్యాథలిక్. ఇదే వైరిక్ తర్వాత ఇంకో మాట కూడా చెప్పాడు: ఇవాంజెలికల్స్‌ను నిజంగా కదిలించింది గర్భస్రావం కాదు, వాళ్ళ ప్రైవేటు క్రైస్తవ బళ్ళ పన్ను మినహాయింపు మీద ప్రభుత్వం చేయి వేయడం అని. ఆ బళ్ళలో కొన్ని నల్లజాతి పిల్లల్ని చేర్చుకోనివి. పొత్తు పుట్టుకలో ఈ మచ్చ కూడా ఉంది, దాచి లాభం లేదు.

ఇక అసలు పత్రం దగ్గరికొస్తాను. 1994 మార్చిలో ‘ఎవాంజెలికల్స్ అండ్ క్యాథలిక్స్ టుగెదర్’ అనే ప్రకటన వచ్చింది. దాని వెనక ఇద్దరు మనుషులు. ఒకరు చార్ల్స్ కోల్సన్. అధ్యక్షుడు నిక్సన్ దగ్గర పనిచేసి, వాటర్‌గేట్ కుంభకోణం రోజుల్లో నేరం ఒప్పుకుని ఏడు నెలలు జైల్లో ఉండి, బయటికొచ్చి 1976లో ఖైదీల కోసం ‘ప్రిజన్ ఫెలోషిప్’ పెట్టిన బాప్టిస్టు. భార్య క్యాథలిక్. రెండో ఆయన రిచర్డ్ జాన్ న్యూహాస్. లూథరన్ పాస్టరుగా మార్టిన్ లూథర్ కింగ్ ఉద్యమంలో నడిచాడు, 1990లో క్యాథలిక్కు అయ్యాడు, మరుసటేడు గురువుగా అభిషేకం పొందాడు. ఇద్దరూ గోడకి రెండు వైపులా కాపురం చేసినవాళ్ళన్నమాట. సంతకాలు చేసినవాళ్ళలో జె.ఐ. ప్యాకర్ లాంటి పేరున్న ఇవాంజెలికల్ వేదాంతి, జెస్యూట్ ఏవరీ డల్లెస్ ఉన్నారు.

ఆ పత్రంలో నాకు నచ్చింది, తేడాల్ని దాచకపోవడం. సంస్కారాలు కృపనిచ్చే సాధనాలా, గుర్తులా? ప్రభువు బల్ల బలియా, జ్ఞాపకార్థ భోజనమా? మరియమ్మనీ పునీతుల్నీ తలుచుకుంటే చాలా, భక్తి చూపాలా? ఇవన్నీ తేలలేదని వరసగా రాసుకున్నారు. అవి తేలేదాకా ఆగకుండా ఏం చేయగలమో కూడా రాశారు.

గొడవ ఎక్కడ వచ్చిందంటే, ఒక్క మాట దగ్గర. క్రీస్తును బట్టి, కృప చేత, విశ్వాసం ద్వారా మనం నీతిమంతులుగా తీర్చబడతాం అని ఆ పత్రంలో ఉంది. చదవగానే ఏ ప్రొటెస్టెంటైనా ఆమెన్ అనాలి కదా? ఆర్.సి. స్ప్రౌల్, జాన్ మెకార్థర్ లాంటివాళ్ళు అనలేదు. విశ్వాసం ద్వారా ‘మాత్రమే’ అని ఎందుకు లేదు అన్నారు. మనకిది చాదస్తంగా కనబడొచ్చు. కాని 16వ శతాబ్దంలో యూరప్ రెండుగా చీలింది ఆ మాట దగ్గరే. ప్రొటెస్టెంట్ సంస్కరణ మొదలుపెట్టిన జర్మన్ గురువు మార్టిన్ లూథర్, బైబిల్లోని రోమా పత్రికను జర్మన్‌లోకి తెస్తూ మూడో అధ్యాయం 28వ వచనంలో మూలంలో లేని ‘మాత్రమే’ను చేర్చాడు, అర్థం అదే కాబట్టి జర్మన్‌లో అలాగే చెప్పాలన్నాడు. దానికి జవాబుగా క్యాథలిక్ చర్చి ట్రెంట్ మహాసభ 1547లో, విశ్వాసం చేత మాత్రమే అని చెప్పేవాడు శాపగ్రస్తుడు అంది. ఇంకో సంగతి. ‘విశ్వాసం చేత మాత్రమే’ అన్న పదబంధం కొత్త నిబంధనలో ఉన్నది ఒకే ఒక్క చోట, యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో. అక్కడున్నది ‘మాత్రమే కాదు’ అని! వేదాంతులకు నాలుగు వందల ఏళ్ళకు సరిపడా పని.

సంతకం పెట్టినవాళ్ళ మీద ఒత్తిడి ఎక్కువైంది. సదరన్ బాప్టిస్టుల్లో ఇద్దరు పెద్ద హోదావాళ్ళు తమ పేర్లు వెనక్కి తీసుకున్నారు. ప్యాకర్ తీసుకోలేదు. ఎందుకు సంతకం పెట్టానో ఆ ఏడాదే రాసి చెప్పాడు. 1997లో అదే బృందం ఇంకో ప్రకటన చేసింది. తాము చెబుతున్నది, విశ్వాసం ద్వారా మాత్రమే అన్నప్పుడు సంస్కరణ సంప్రదాయాలు ఉద్దేశించినదానికి అనుగుణంగానే ఉందని ఈసారి ఆ మాట రాశారు. మరి రెండేళ్ళకు, 1999 అక్టోబరు 31న, ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, వాటికన్ ఇదే విషయమై రాసుకున్న ఉమ్మడి ప్రకటన మీద అధికారికంగా సంతకాలు చేశాయి. తేదీ గమనించారా? లూథర్ తన వాదాలు బయటపెట్టిన రోజు.

‘మాత్రమే’ గొడవలో పడి జనం పట్టించుకోని పేరా ఒకటి 1994 పత్రంలో ఉంది. ఒక క్రైస్తవ సంఘంలో చురుగ్గా ఉన్న సభ్యుల్ని ఇంకో సంఘం తన వైపు లాక్కోవడం వేదాంత రీత్యా సరైనదీ కాదు, తెలివైన పనీ కాదు అన్నారు. దీని వెనక లాటిన్ అమెరికా ఉంది. 1992లో శాంటో డొమింగోలో రెండో జాన్ పాల్ పోపు, అక్కడ పెరుగుతున్న ఇవాంజెలికల్ గుంపుల్ని తోడేళ్ళతో పోల్చాడు. 1995 అక్టోబరు 12న, బ్రెజిల్‌లో అపరెసిడా మాత పండుగ రోజున, ఒక నవ పెంతెకోస్తు సంఘపు బిషప్పు టీవీలో ఆ మాత ప్రతిమను కాలితో తన్నాడు. దేశం అట్టుడికింది. జనాభా లెక్కలు చూస్తే ఆ కోపతాపాల మూలం తెలుస్తుంది. 2010లో బ్రెజిల్‌లో క్యాథలిక్కులు దాదాపు 65 శాతం, ఇవాంజెలికల్స్ 22. 2022కి 57 శాతం లోపు, 27 శాతం దగ్గర. ఒకరి మందలోంచే ఇంకొకరి మంద పెరుగుతున్నచోట స్నేహం మాట్లాడటం తేలిక కాదు.

అయినా అక్కడా ఒక దృశ్యం ఉంది. 2006లో బ్వేనస్ ఎయిరీస్‌లో లూనా పార్క్ అనే స్టేడియంలో ఉమ్మడి ప్రార్థన. ఆర్చిబిషప్పు బెర్గోలియో వేదిక మీద మోకరించాడు, పాస్టర్లు ఆయన మీద చేతులుంచి ప్రార్థించారు. మతభ్రష్టుడయ్యాడని సంప్రదాయవాదుల పత్రిక ఒకటి తిట్టిపోసింది. ఆయనే పోపు ఫ్రాన్సిస్ అయ్యాక 2014 జులైలో ఇటలీలోని కసెర్టాలో తన పాత మిత్రుడైన పెంతెకోస్తు పాస్టరు సంఘానికి వెళ్ళాడు. ఫాసిస్టుల కాలంలో పెంతెకోస్తుల మీద ఆంక్షలుండేవి. వాళ్ళని పట్టిచ్చినవాళ్ళలో క్యాథలిక్కులూ ఉన్నారు. అందుకు క్షమాపణ అడిగాడు. బోస్టన్ కుర్రాడి కథలో కొట్టినవాళ్ళు ప్రొటెస్టెంట్లు, ఇక్కడ దెబ్బతిన్నవాళ్ళు ప్రొటెస్టెంట్లు. ఎవరి చేతిలో బెత్తం ఉందన్నదాన్ని బట్టే ఉంటుంది అంతా.

అందుకే ఈ పొత్తును నేను కొలిచే కొలత వేరు. ఇద్దరూ ఎంత దగ్గరయ్యారని కాదు, మూడోవాడి విషయంలో ఏం చేశారని చూస్తాను. దీనికి మంచి ఉదాహరణే ఉంది. ఓరెగాన్‌లో మత్తు అలవాటు మాన్పించే సంస్థలో పనిచేసే ఇద్దరు, ఆదివాసుల నేటివ్ అమెరికన్ చర్చి పూజలో పెయోటీ అనే మత్తు మొక్క తిన్నందుకు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. నిరుద్యోగ భృతి కూడా ఇవ్వలేదు. 1990లో సుప్రీంకోర్టు వాళ్ళకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. రాసింది స్కాలియా, గట్టి క్యాథలిక్. అందరికీ ఒకేలా వర్తించే చట్టానికి మతం పేరుతో మినహాయింపు అడగలేరు అన్నాడు. ఇవాళ వాళ్ళ పూజ, రేపు మనదీ అని అందరికీ భయం వేసింది. ఇవాంజెలికల్స్ జాతీయ సంఘం, పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ, యూదు సంస్థలు ఒక్కటయ్యాయి. క్యాథలిక్ బిషప్పులు కొంతకాలం తటపటాయించి తర్వాత వచ్చారు. 1993లో, అలాంటి మినహాయింపు అడిగే దారి మళ్ళీ తెరుస్తూ, మత స్వేచ్ఛ పునరుద్ధరణ చట్టం సెనేట్‌లో 97–3తో గెలిచింది.

21 ఏళ్ళ తర్వాత ఆ చట్టాన్ని వాడుకున్నదెవరు? హాబీ లాబీ అనే పెద్ద దుకాణాల సంస్థ. యజమానులు ఇవాంజెలికల్స్. ఉద్యోగుల బీమాలో ఉండాల్సిన 20 రకాల గర్భనిరోధక పద్ధతుల్లో నాలుగింటికి మా విశ్వాసం ఒప్పుకోదన్నారు. క్యాథలిక్ బోధన ప్రకారం ఇరవైకి ఇరవై తప్పే, వీళ్ళకి నాలుగే. అయినా పక్కపక్కనే నిలబడ్డారు. 2014లో వాళ్ళకి అనుకూలంగా తీర్పిచ్చిన ఐదుగురు న్యాయమూర్తులూ క్యాథలిక్కులు, స్కాలియాతో సహా. ఇద్దరు ఆదివాసీ చర్చి భక్తుల ఉద్యోగాల మీద మొదలైన చట్టమిది. ఆ సంగతి గెలిచినవాళ్ళలో ఎంతమందికి గుర్తుందో.

పొత్తులో పగుళ్ళు లేవా అంటే, ఉన్నాయి. మరణశిక్ష ఒప్పుకోదగింది కాదని 2018లో పోపు ఫ్రాన్సిస్ సత్యోపదేశ గ్రంథాన్నే మార్చాడు. తెల్లజాతి ఇవాంజెలికల్స్‌లో ఎక్కువమంది దానికి అనుకూలం. టెస్ట్‌ట్యూబ్ సంతానాన్ని రోమ్ 1987లోనే కాదంది. ఇవాంజెలికల్ ఇళ్ళలో అలా పుట్టిన పిల్లలు ఎందరో, సదరన్ బాప్టిస్టులు దాని మీద జాగ్రత్త చెబుతూ తీర్మానం చేసింది 2024లో. వలస వచ్చినవాళ్ళ విషయమైతే చెప్పనక్కర్లేదు. 2017లో వాటికన్‌కు దగ్గరైన ఒక జెస్యూట్ పత్రికలో ఈ రాజకీయ పొత్తును ‘ద్వేషంలో కుదిరిన ఐక్యత’ అని ఏకిపారేశారు. రాసిన ఇద్దరిలో ఒకరు క్యాథలిక్ గురువు, ఇంకొకరు ప్రెస్బిటేరియన్ పాస్టరు. పొత్తుని తిట్టడానికీ పొత్తే కావాల్సొచ్చింది! ఆ మాట పూర్తిగా న్యాయమని నేననను. కాన్సస్ సిటీలో పాడినవాళ్ళది, జైళ్ళలో ఖైదీల పక్కన కూర్చున్నవాళ్ళది ద్వేషం కాదు. కాని ఉమ్మడి శత్రువు ఉన్నంతసేపే నిలిచే ఐక్యత ఎలాంటిదని అడగడం తప్పు కాదు.

చివరిగా ఒక్కటి చెప్పి ఆపేస్తాను. 2024 జూన్‌లో లూయిజియానా రాష్ట్రం చట్టం చేసింది, ప్రభుత్వ బడుల్లో ప్రతి తరగతి గదిలో పది ఆజ్ఞల పోస్టరు పెట్టాలని. కనీసం 11 అంగుళాలకు 14 అంగుళాలు ఉండాలి, అక్షరాలు పెద్దగా కనబడాలి. వాక్యాలు కింగ్ జేమ్స్ వరసవి. విగ్రహాలు చేసుకోకూడదన్న వాక్యం విడిగా ఉంది, బోస్టన్ కుర్రాడు చెప్పనన్నది అదే. సంతకం చేసిన గవర్నరు క్యాథలిక్. చేసిన చోటు లాఫయెట్‌లో ఫాతిమా మాత పేరున్న క్యాథలిక్ బడి. ఆ చట్టం ప్రభుత్వ బళ్ళకే కాబట్టి ఆ బడికి వర్తించదు కూడా. కొద్ది రోజులకే కోర్టుకెళ్ళిన తల్లిదండ్రుల్లో యూదులున్నారు, ఏ మతమూ లేనివాళ్ళున్నారు, క్రైస్తవులూ ఉన్నారు.

ఆ పోస్టరు మీద ఆజ్ఞలకు వరస అంకెలు వేయలేదు. ఎందుకు వేయలేదో మీకిప్పుడు తెలుసు. ఇక మీరు అడగండి.